మెక్‌లారెన్‌ను గెలిపించిందేమిటి?

2023 మార్చి 5, బహ్రెయిన్. ఫార్ములా వన్ సీజన్‌లో మొదటి రేసు. మెక్‌లారెన్ జట్టులోకి కొత్తగా వచ్చిన ఆస్ట్రేలియా కుర్రాడు ఆస్కార్ పియాస్ట్రి కారు ఎలక్ట్రికల్ లోపంతో మధ్యలోనే ఆగిపోయింది. రెండో కారు నడిపిన లాండో నోరిస్ పాట్లు అంతకంటే విచిత్రం. ఇంజనులో వాల్వులను ఆడించే గాలి పీడనం తగ్గిపోతుంటే, దాన్ని నింపించుకోవడానికి పిట్‌లోకి రావడం, మళ్లీ వెళ్లడం, మళ్లీ రావడం. అలా ఆరుసార్లు ఆగి 17వ స్థానంలో రేసు ముగించాడు. అతని వెనక ఎవరూ లేరు. మొదటి ఎనిమిది రేసుల్లో ఆ జట్టు కూడబెట్టిన పాయింట్లు 17.

2024 డిసెంబరు 8న అబుదాబిలో అదే జట్టు, అదే ఇద్దరు డ్రైవర్లతో, 26 ఏళ్ల తర్వాత మళ్లీ జట్ల టైటిల్ గెలిచింది. మరుసటి ఏడాది సింగపూర్‌లో, ఇంకా ఆరు రేసులు మిగిలుండగానే దాన్ని నిలబెట్టుకుంది. 2025 డిసెంబరు 7న నోరిస్ డ్రైవర్ల టైటిల్ కూడా అందుకున్నాడు. 2008లో లూయిస్ హామిల్టన్ తర్వాత మెక్‌లారెన్ కారులో ఆ ఘనత మరొకరికి దక్కలేదు.

ఇంత మలుపు దేనివల్ల వచ్చింది? అభిమానులనడిగితే ముందు డ్రైవర్ల పేర్లు చెబుతారు. ఎవరు ఏ జట్టుకు వెళ్తున్నారు, ఎవరి సీటుకు ఎసరు వచ్చింది, జట్టు ఎవరిని వెనకేసుకొస్తోంది అన్న చర్చకు మించిన కాలక్షేపం లేదు. కాస్త లోతుగా చూసేవాళ్లు కారులో చేసిన మార్పుల గురించి, కొత్త ఫ్లోర్, కొత్త సైడ్‌పాడ్, కొత్త వింగ్ గురించి మాట్లాడతారు. టైర్ల ప్రస్తావన చివర్లో, అదీ ఓడిపోయిన రోజున సాకులా వస్తుంది. మెక్‌లారెన్ మూడేళ్ల చరిత్రను వరసగా పరిశీలిస్తే ఈ క్రమం తలకిందులుగా ఉందనిపిస్తుంది. ఆ నాలుగు టైర్లు ఏమంటున్నాయో తెలిస్తే తప్ప కారు మార్పుల విలువ తేలదు, డ్రైవర్ల మీద పుట్టే వదంతుల్లో సగానికి అర్థమూ దొరకదు.

వదంతులతోనే మొదలుపెడదాం, ఎందుకంటే ఈ జట్టు కథ కూడా ఒక సీటు గొడవతోనే మొదలైంది. 2022 ఆగస్టు 1న ఫెర్నాండో అలోన్సో ఆల్పీన్‌ను వదిలి ఆస్టన్ మార్టిన్‌కు వెళ్తున్నట్టు తెలిసింది. మర్నాడే ఆల్పీన్ తమ రిజర్వు డ్రైవరు పియాస్ట్రికి ఆ సీటు ఇస్తున్నామని ప్రకటించింది. కొన్ని గంటల్లోనే పియాస్ట్రి, వచ్చే ఏడాది తాను ఆల్పీన్‌కు నడపడం లేదని ట్విట్టర్‌లో బాహాటంగా చెప్పేశాడు. ఒక జట్టు పిలిచి సీటిస్తే కొత్త కుర్రాడు అందరి ముందూ వద్దనడం ఆ క్రీడలో మామూలు విషయం కాదు. చివరికి వ్యవహారం ఒప్పందాల గుర్తింపు బోర్డు దాకా వెళ్లింది. సెప్టెంబరు 2న బోర్డు మెక్‌లారెన్ ఒప్పందమే చెల్లుతుందని తేల్చింది. పియాస్ట్రి కోసం ఖాళీ చేయించిన సీటు డానియెల్ రికియార్డోది. ఇంకా ఏడాది గడువున్న అతని ఒప్పందాన్ని ముందే ముగించారు.

రికియార్డో సంగతి దగ్గర ఒక్క క్షణం ఆగాలి. రెడ్‌బుల్‌లో ఉన్నప్పుడు ఏడు రేసులు గెలిచిన డ్రైవరు అతను. మెక్‌లారెన్‌లో అడుగుపెట్టాక 2021 మోంజా విజయం తప్ప చెప్పుకోదగ్గది లేదు. అప్పట్లో ‘అతని పని అయిపోయింది’ అన్నవాళ్లే ఎక్కువ. అయితే ఆ కారు మలుపు దగ్గర కోరే బ్రేకింగ్ పద్ధతి వేరు, చిన్నప్పటి నుంచి అతని చేతికి అలవాటైన పద్ధతి వేరు. మలుపులోకి బ్రేకు లాక్కుంటూ వెళ్లి, ఆ ఊపుతోనే కారును తిప్పడం అతని బలం. ఆ కారు ముందు టైర్లకు అది గిట్టేది కాదు. నోరిస్ ఆ కారుతోనే పెరిగాడు, దానికి తగ్గట్టు తన చేతిని మలుచుకున్నాడు. బయటికి డ్రైవరు వైఫల్యంగా కనిపించినదాంట్లో ముందు టైర్ల పాలు ఎంతో మనం తెలుసుకోవాలనుకోలేదు. ఇదే కథ మూడేళ్ల తర్వాత అదే గరాజ్‌లో మళ్లీ నడిచింది. దాని సంగతి తర్వాత.

ఇక కారు. 2022 నుంచి 2025 దాకా ఎఫ్-1లో అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం కారును నేలకు అదిమిపట్టే బలంలో పెద్ద వాటా అడుగు భాగం నుంచి వచ్చేది. ఫ్లోర్ కింద సొరంగాల్లాంటి మార్గాల్లో గాలి వేగంగా దూసుకుపోతుంటే అక్కడ పీడనం తగ్గి, కారు నేలకు అతుక్కుంటుంది. నేలకు ఎంత దగ్గరగా నడిపితే అంత లాభం. మరీ దగ్గరైతే కారు ఎగిరెగిరి పడుతుంది. కంటికి కనిపించే వింగ్‌ల కన్నా కనిపించని ఫ్లోర్‌కే విలువ పెరిగిన కాలమది.

ఈ నిబంధనలను మెక్‌లారెన్ మొదట సరిగా పట్టుకోలేకపోయింది. 2023 కారు తాము కోరుకున్నట్టు లేదని సీజన్ మొదలుకాక ముందే జట్టు ఒప్పుకుంది. 2022 డిసెంబరులో జట్టు సారథిగా వచ్చిన ఆంద్రెయా స్టెల్లా, ఫెరారీలో ఏళ్ల తరబడి రేసు ఇంజనీరుగా పనిచేసిన ఇటాలియన్. ఆయన మార్చిలో టెక్నికల్ డైరెక్టర్ జేమ్స్ కీని సాగనంపి, ఒకరి చేతిలో ఉన్న పెత్తనాన్ని ముగ్గురికి పంచాడు. గాలి శాస్త్రం పీటర్ ప్రొద్రోము చూశాడు. తర్వాతి ఏడాది మొదట్లో రెడ్‌బుల్ నుంచి రాబ్ మార్షల్ వచ్చి, కొద్ది నెలల్లో చీఫ్ డిజైనరయ్యాడు. 2023 ఆగస్టులో జట్టు కేంద్రమైన వోకింగ్‌లో సొంత విండ్ టన్నెల్ పని మొదలుపెట్టింది. అంతకుముందు నమూనాలను జర్మనీలోని కొలోన్‌లో టొయోటా వాళ్ల టన్నెల్‌కు మోసుకెళ్లి పరీక్షించేవాళ్లు.

ఇందులో ఏది ఎంత పనిచేసిందో విడదీయడం తేలిక కాదు. టన్నెల్ ఆగస్టులో తెరుచుకుంటే, కారు జూలైలోనే మారిపోయింది. మార్షల్ రాకముందే మారిపోయింది. కాబట్టి గోడలకూ కొత్త జీతాలకూ ఘనత కట్టబెట్టే కథనాలను నేను పూర్తిగా నమ్మను. మనుషులు ఉన్నవాళ్లే. వాళ్ల మాట చెల్లేలా చేయడం స్టెల్లా పని.

జూలై 2న ఆస్ట్రియాలో జరిగింది ఒక పరీక్ష లాంటిది. కొత్త సైడ్‌పాడ్‌లు, కొత్త ఇంజన్ కవర్, కొత్త ఫ్లోర్ ఉన్న కారు ఒకటే సిద్ధమైంది. దాన్ని నోరిస్‌కిచ్చారు. అతను నాలుగో స్థానంలో వచ్చాడు. పాత కారులో పియాస్ట్రి పాయింట్ల దరిదాపుల్లో లేడు. వారం తిరక్కుండా సిల్వర్‌స్టోన్‌లో పియాస్ట్రికీ ఆ మార్పుల్లో చాలా భాగం అందాయి. నోరిస్ రెండో స్థానం, పియాస్ట్రి నాలుగు. ఇద్దరు మనుషుల నైపుణ్యం ఏడు రోజుల్లో మారదు. సీజన్ చివరికి 17 పాయింట్ల జట్టు 302కు చేరింది.

ఇంత శుభ్రంగా ఫలితమిచ్చే మార్పులు అరుదు. రేసు వారాంతంలో శుక్రవారం ఉదయం చూస్తే కార్ల మీద పచ్చగా మెరిసే రంగు పూసి ట్రాక్ మీదికి పంపుతారు. గాలి ఎటు పారుతోందో ఆ రంగు చారలు కట్టి చూపిస్తుంది. టైర్ల వెనక దువ్వెన పళ్లలా నిలిపిన కొలత పరికరాలతో ఇంకొన్ని ల్యాపులు తిప్పుతారు. టన్నెల్‌లో ఉన్నది 60 శాతం కొలతలో చేసిన బొమ్మ కారు. అక్కడి గాలి వేగం సెకనుకు 50 మీటర్లు దాటకూడదు. బొమ్మ చెప్పింది నిజం కారు కూడా చెబుతోందా అన్నదే ఆ రంగుల తంతు అంతటికీ మూలం. చెప్పకపోతే ఎంత ఖర్చుపెట్టినా బూడిదలో పోసిన పన్నీరే.

అలాంటివి ఆ మూడేళ్లలో ఎన్నో చూశాం. 2024 స్పెయిన్‌లో ఫెరారీ తెచ్చిన కొత్త ఫ్లోర్ వేగమైన మలుపుల్లో కారును ఎగరేసింది. రెండు వారాలు తిరిగేసరికి సిల్వర్‌స్టోన్‌లో పాతదాన్ని మళ్లీ తగిలించుకున్నారు. 2025 ఇమోలాలో మెర్సిడెస్ తెచ్చిన వెనక సస్పెన్షన్ కారు స్థిరత్వాన్నే దెబ్బతీసింది. దాన్ని పీకి పక్కనపెట్టేసరికి హంగరీ వచ్చేసింది. ఈ మధ్యలో వాళ్ల కొత్త కుర్రాడు కిమీ ఆంటొనెల్లి మీద వచ్చిన విమర్శలు ఇన్నీ అన్నీ కావు. 2023లో 22 రేసుల్లో 21 గెలిచిన రెడ్‌బుల్ 2024 మధ్యలో దారి తప్పింది. మ్యాక్స్ వెర్‌స్టాపెన్ స్పెయిన్‌లో గెలిచాక పది రేసుల పాటు గెలుపు ముఖం చూడలేదు. బెడ్‌ఫర్డ్‌లోని వాళ్ల పాత టన్నెల్ చెబుతున్నది ఒకటి, ట్రాక్ చెబుతున్నది ఇంకొకటి. ఆ తప్పుదారిలో సెర్గియో పెరెజ్ ఉద్యోగం పోయింది. తర్వాత వచ్చిన లియామ్ లాసన్‌ను 2025లో రెండంటే రెండు రేసులకే మార్చేశారు. అతని తర్వాత వచ్చిన యుకి త్సునోడా కూడా నిలదొక్కుకోలేకపోయాడు. ఆ సీటు మీద శాపం ఉందన్న మాట ఊరికే పుట్టలేదు. కానీ ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే కారులో ఒకే రకంగా తడబడుతుంటే ముందు చూడాల్సింది కారును కదా?

వెనకబడ్డ జట్టుకు నిబంధనలు కొంత చేయూతనిస్తాయని కూడా చెప్పుకోవాలి. ఖర్చుకు పరిమితి ఉంది. టన్నెల్ సమయం జట్టు స్థానాన్ని బట్టి పంచుతారు. మొదటి స్థానంలోని జట్టుకు 70 శాతం, పదో స్థానంలోని జట్టుకు 115 శాతం. 2023లో మెక్‌లారెన్‌కు పనికొచ్చిన ఈ మెట్ల పద్ధతే 2025లో వాళ్ల కాళ్లకు బంధమైంది.

మార్పులు పనిచేశాయనుకుందాం. ఆ లాభం రేసులో గడియారం మీద ఎలా కనిపిస్తుంది? ఒక్క ల్యాపు అర్హత పోటీలో కాదు, కొత్త టైర్లు వేసుకున్న మూడు నాలుగు ల్యాపుల్లోనూ కాదు. పదిహేనో ల్యాపులో, ఇరవయ్యో ల్యాపులో కనిపిస్తుంది.

ఈ టైర్లు మన బండి టైర్ల వంటివి కావు. 2011 నుంచి అన్ని జట్లకూ సరఫరా చేసేది పిరెల్లి ఒక్కటే. సాఫ్ట్‌కు ఎర్ర గీత, మీడియంకు పసుపు, హార్డ్‌కు తెలుపు. 2025 దాకా వెనక టైరు 405 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. పొడి ట్రాక్ మీద గాడి అన్నది ఉండదు, నున్నటి రబ్బరే. ఆ రబ్బరు తగిన వేడికి చేరినప్పుడే మెత్తబడి రోడ్డును పట్టుకుంటుంది. దోశల పెనం సంగతి వంటింట్లో అందరికీ తెలుసు. కాగకపోతే అట్టు లేవదు, ఎక్కువ కాగితే మాడుతుంది, మంట సమంగా ఉంచేవాళ్లదే వంట. టైరుకూ అంతే, కాకపోతే ఇక్కడ మంట పెట్టేదీ తగ్గించేదీ కారు గుణమూ డ్రైవరు కాలూ.

వ్యాఖ్యాతలు టైర్లు ‘అయిపోయాయి’ అన్నప్పుడల్లా అరుగుదలే అనుకుంటాం. నిజానికి రబ్బరు పొర సన్నబడటం వేరు, వేడెక్కి పట్టు కోల్పోవడం వేరు. రెండోదే ఎక్కువసార్లు రేసును తేలుస్తుంది. మలుపు నుంచి బయటపడుతూ యాక్సిలరేటర్ తొక్కగానే వెనక టైరు రవ్వంత జారుతుంది. జారితే పైపొర వేడెక్కుతుంది. వేడెక్కితే మరింత జారుతుంది. ఈ విషవలయంలో ఒకసారి పడ్డ కారు ల్యాపుకు మూడు నాలుగు పదో వంతుల సెకను చొప్పున పోగొట్టుకుంటూ పోతుంది. మరోపక్క బ్రేకుల నుంచి వేడి. కార్బన్ బ్రేకు పళ్లేలు వేయి డిగ్రీల దాకా ఎర్రగా కాలతాయి. వాటిని కప్పి ఉంచే డ్రమ్ము గుండా ఆ వేడి చక్రం రిమ్ముకు, రిమ్ము నుంచి టైరులోని గాలికి చేరుతుంది. గాలి వేడెక్కితే పీడనం పెరుగుతుంది, టైరు ఉబ్బుతుంది, రోడ్డును తాకే వెడల్పు తగ్గుతుంది. డ్రైవరు ఎంత సున్నితంగా నడిపినా ఈ వేడిని ఆపలేడు. ఆపాల్సింది ఆ డ్రమ్మును గీసిన ఇంజనీరు.

2024 మే 5న మయామిలో నోరిస్ తన 110వ రేసులో మొదటి విజయం సాధించాడు. సేఫ్టీ కారు, అంటే ప్రమాదం జరిగినప్పుడు ముందు నిలిచి అందరినీ నెమ్మదిగా నడిపించే కారు, కలిసొచ్చిందని అందరూ అన్నారు. నిజమే, కలిసొచ్చింది. అయితే ముందున్నవాళ్లంతా టైర్లు మార్చుకోవడానికి వెళ్లినా, అతను పాత మీడియం టైర్ల మీదే మంచి వేగంతో తిరుగుతూ ఉండబట్టి కదా ఆ సేఫ్టీ కారు అతనికి పనికొచ్చింది! ఆ వారాంతం కొత్త మార్పులన్నీ ఉన్న కారు అతనిది. పియాస్ట్రికి సగమే అందాయి.

ఆగస్టులో జాండ్‌వోర్ట్ రేసు ఇంకా పెద్ద సాక్ష్యం. వెర్‌స్టాపెన్ సొంత గడ్డ. ఆరంభంలో అతనే ముందుకు దూసుకెళ్లాడు. 18వ ల్యాపులో నోరిస్ అతన్ని దాటి, చివరికి దాదాపు 23 సెకన్ల తేడాతో గెలిచాడు. నాకు ఆ రేసులో తేడా కన్నా చివరి ల్యాపు ముఖ్యం. 72 ల్యాపుల రేసులో, నలభైకి పైగా ల్యాపులు తిరిగిన హార్డ్ టైర్ల మీద, ఆఖరి ల్యాపులో నోరిస్ రేసు మొత్తానికి అత్యంత వేగమైన సమయం నమోదు చేశాడు. అప్పటికి కారులో ఇంధనం ఖాళీ అయి తేలికపడ్డ మాట నిజమే, కానీ ఆ తేలిక అందరికీ ఉంది. మిగతావాళ్ల టైర్లు చచ్చినచోట మెక్‌లారెన్ టైర్లలో ఇంకా ప్రాణముంది.

2025లో ఈ తేడా మరీ ఎక్కువై అనుమానాలకు దారితీసింది. మయామిలో పియాస్ట్రి, నోరిస్ మొదటి రెండు స్థానాల్లో వస్తే, మూడో స్థానంలో మెర్సిడెస్ డ్రైవరు జార్జ్ రసెల్ విజేతకు 37 సెకన్లకు పైగా వెనక ఉన్నాడు. టైర్లలో నీళ్లు పోస్తున్నారన్న ఆరోపణ అంతకుముందు ఏడాది నుంచే తిరుగుతోంది. బ్రేకు డ్రమ్ములో వేడిని పీల్చుకునే ఏదో పదార్థం దాచారన్నది కొత్త పుకారు. మెక్‌లారెన్ సీఈఓ జాక్ బ్రౌన్ మయామిలో పిట్ గోడ దగ్గర కూర్చుని, ‘టైరు నీళ్లు’ అని రాసిపెట్టిన సీసాలోంచి అందరికీ కనిపించేలా తాగాడు. వెక్కిరింత సంగతి అలా ఉంచితే, ఈ క్రీడను నియంత్రించే ఎఫ్ఐఏ ఆ రేసు తర్వాత మెక్‌లారెన్ బ్రేకు భాగాలను విప్పి పరిశీలించి, నిబంధనలకు విరుద్ధంగా ఏమీ లేదని తేల్చింది. గాలిని ఎటు నుంచి తీసుకుని, డ్రమ్ము లోపల ఏ పొరల గుండా నడిపి, ఎటు వదలాలన్న చిల్లర పనిలో వాళ్లు ముందున్నారు. అంతే. స్పెయిన్ రేసు నుంచి ముందు వింగ్ వంగే కొలత మీద ఆంక్షలు బిగిస్తే మెక్‌లారెన్ జోరు తగ్గుతుందని ప్రత్యర్థులు ఆశపడ్డారు. ఆ రేసులోనూ మొదటి రెండు స్థానాలు ఆ జట్టువే. వింగ్ చుట్టూ జరిగిన రాద్ధాంతమంతా కొండను తవ్వి ఎలుకను పట్టడమైంది.

హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ రేసు చూసినవాళ్లకు మెక్‌లారెన్ నారింజ రంగు పరిచయమే. ఆ ఏడాది ఆ జట్టు విద్యుత్ కార్లు కూడా అక్కడ పరుగెత్తాయి. అయితే ఫార్ములా-ఇలో టైర్లు మార్చే ఆనవాయితీ లేదు. గాడులున్న హాంకుక్ టైర్లతో, ఎండైనా వానైనా అవే, మొదటి నుంచి చివరి దాకా నడిపారు. అక్కడ పొదుపు బ్యాటరీది. ఎఫ్-1ను టీవీలో మాత్రమే చూసే మనవాళ్లు టైర్ల మాటను తేలిగ్గా తీసుకోవడానికి ఇది కూడా ఒక కారణమేమో. కళ్లెదుట చూసిన ఒకే ఒక్క రేసులో ఆ బాధే లేదు.

టైర్లను చల్లగా ఉంచే కారుకు ఒక శాపమూ ఉంది. చలి రాత్రిలో అది వాటిని వేడెక్కించలేదు. 2024లో నవంబరు చలిలో లాస్ వేగాస్ రేసు జరిగినప్పుడు మెర్సిడెస్ మొదటి రెండు స్థానాలూ ఎగరేసుకుపోయింది. అప్పటికి పాయింట్ల పట్టికలో ముందున్న మెక్‌లారెన్ ఆరు, ఏడు స్థానాలతో సరిపెట్టుకుంది. కారు రాత్రికి రాత్రే చెడిపోలేదు. మిగతా ఏడాదంతా గెలిపించిన గుణమే ఆ రాత్రి ఓడించింది.

ఇప్పుడు 2025లో పియాస్ట్రి కథకు వద్దాం, ఎందుకంటే వదంతులు శిఖరానికి చేరింది అక్కడే. ఆగస్టు 31న జాండ్‌వోర్ట్‌లో గెలిచి అతను నోరిస్ కన్నా 34 పాయింట్లు, వెర్‌స్టాపెన్ కన్నా 104 పాయింట్లు ముందున్నాడు. టైటిల్ అతనిదే అన్నారు. ఆ తర్వాత సీజన్ ముగిసేదాకా మరో గ్రాండ్ ప్రీ గెలవలేదు. మోంజాలో నోరిస్ టైరు మార్పు ఆలస్యమై పియాస్ట్రి ముందుకొస్తే, స్థానం తిరిగి ఇచ్చేయమని జట్టు ఆదేశించింది. ఆ రేడియో మాట చాలు, జట్టు బ్రిటిష్ డ్రైవరు కొమ్ము కాస్తోందన్న ప్రచారం మొదలవడానికి. ఆస్ట్రేలియా సెనేట్ కమిటీలో సైతం దాని మీద ప్రశ్న వచ్చింది. 2024 హంగరీలో జట్టు మాట మీద నోరిస్ చేతికొచ్చిన విజయాన్ని పియాస్ట్రికి అప్పగించిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

బాకూలో మొదటి ల్యాపులోనే గోడను గుద్దుకోవడం పూర్తిగా పియాస్ట్రి తప్పే, అందులో టైరుకేమీ ప్రమేయం లేదు. ఆస్టిన్, మెక్సికోల సంగతి వేరు. రెండు చోట్లా పట్టు తక్కువ, వేడి ఎక్కువ, టైరు నిరంతరం జారుతూ ఉంటుంది. అలాంటిచోట కారును కాస్త జారనిచ్చి, ఆ జారుడులోనే వేగం వెతుక్కోవాలి. నోరిస్‌కు అది చేతికొచ్చిన విద్య. పియాస్ట్రి బలం పట్టు ఎక్కువున్న ట్రాక్‌లలో కచ్చితమైన గీత మీద నడపడం. జట్టు సారథి స్టెల్లా ఇచ్చిన వివరణ కూడా ఈ దారిలోనే ఉంది. మెక్సికోలో నోరిస్ 30 సెకన్ల తేడాతో గెలిచి ఒక్క పాయింటుతో ముందంజ వేశాడు, పియాస్ట్రి ఐదో స్థానంలో వచ్చాడు. కుట్ర అన్న మాట చెప్పడానికి తేలిక, వినడానికి రుచి. టైరు ఉష్ణోగ్రత గ్రాఫు ఎవరికి కావాలి!

అంతకుముందు జూన్‌లో ఇందుకు ఎదురు ఉదాహరణ ఉంది. సీజన్ మొదట్లో తడబడ్డది నోరిస్. ముందు టైర్లు ఏం చేస్తున్నాయో స్టీరింగ్‌లో తనకు తెలియడం లేదని అతని ఫిర్యాదు. కెనడాలో ముందు సస్పెన్షన్‌కు ఒక సవరణ తెచ్చారు. నోరిస్ దాన్ని తీసుకున్నాడు, పియాస్ట్రి తనకు అక్కర్లేదన్నాడు. ఒకే జట్టు, ఒకే కారు, ఒకరికి మందైనది మరొకరికి అనవసరం. ఆ రేసులో నోరిస్ పియాస్ట్రి కారునే వెనక నుంచి గుద్ది బయటికి పోయాడు కాబట్టి సవరణ ఫలం ఆ రోజు కనబడలేదు. తర్వాత ఆస్ట్రియా, సిల్వర్‌స్టోన్, హంగరీలలో కనిపించింది, మూడూ అతనే గెలిచాడు. రికియార్డోకు 2021లో దొరకనిది నోరిస్‌కు 2025లో దొరికిందని నా అభిప్రాయం. డ్రైవరుకు ముందు టైరు భాష అందేలా కారునే సర్దారు.

వెర్‌స్టాపెన్ 104 పాయింట్ల లోటును దాదాపు పూడ్చేయడం అతని ప్రతిభకు గీటురాయి, అందులో అనుమానం లేదు. కానీ 2026లో నిబంధనలన్నీ మారబోతున్నాయని మెక్‌లారెన్ 2025 కారు మీద పని ముందే ఆపేస్తే, జూలైలో క్రిస్టియన్ హోర్నర్‌ను తొలగించి లోరాన్ మెకీస్‌ను తెచ్చుకున్న రెడ్‌బుల్ మాత్రం ఆపలేదు. మోంజాలో వాళ్లు తెచ్చిన కొత్త ఫ్లోర్‌తో వెర్‌స్టాపెన్ నోరిస్ మీద 19 సెకన్ల తేడాతో గెలిచాడు. ఏడాది పొడవునా అతను మెర్సిడెస్‌కు వెళ్తాడన్న వార్తలు షికార్లు చేశాయి. హంగరీలో అతనే స్వయంగా ఉంటున్నానని చెప్పాక అవి ఆగాయి. కారు బాగుపడ్డాక వాటి ఊసే లేదు.

చివరి మూడు రేసుల్లో మెక్‌లారెన్ కోరి తెచ్చుకున్న కష్టాలు రెండు. లాస్ వేగాస్‌లో రెండో స్థానంలో వచ్చిన నోరిస్, నాలుగో స్థానంలో వచ్చిన పియాస్ట్రి ఇద్దరినీ అనర్హులను చేశారు. కారు అడుగున ఉండే పలక 9 మిల్లీమీటర్లకు తగ్గకుండా మందం మిగలాలి. వాళ్లవి మిల్లీమీటరులో కొద్ది వంతులు ఎక్కువ అరిగాయి. నేలకు ఎంత దగ్గరైతే అంత వేగం అన్న సూత్రాన్ని ఒక్క రవ్వ ఎక్కువ నమ్మారు.

రెండోది ఖతార్. మనకు రాత్రి తొమ్మిదిన్నరకు మొదలైన రేసు. లుసైల్ ట్రాక్‌లో పొడుగాటి వేగమైన మలుపులు ఎడమ ముందు టైరును పిండేస్తాయి. అందుకే ఒక్కో టైరు సెట్టును 25 ల్యాపులకు మించి వాడరాదని పిరెల్లి ముందే గీత గీసింది. రేసు 57 ల్యాపులు. ఏడో ల్యాపులో ప్రమాదం జరిగి సేఫ్టీ కారు వచ్చింది. వేళ్ల మీద లెక్క: 57లో 7 పోతే 50, అంటే సరిగ్గా రెండు పాతికలు. దాదాపు అందరూ పిట్‌లోకి మళ్లారు. మొదటి, మూడో స్థానాల్లో ఉన్న మెక్‌లారెన్ కార్లు మాత్రం నేరుగా వెళ్లిపోయాయి. మిగతావాళ్లంతా చవకగా ఒక పిట్ స్టాప్ ముగించుకుంటే, వీళ్లు పూర్తి ఖరీదు చెల్లించాల్సి వచ్చింది. వెర్‌స్టాపెన్ గెలిచాడు. ఆ వారాంతం అందరికన్నా వేగంగా ఉన్న పియాస్ట్రి రెండో స్థానంలో, నోరిస్ నాలుగో స్థానంలో ముగించారు.

వ్యూహకర్తలను తిట్టిపోశారు, తిట్టడం న్యాయమే. అయితే ఇందులో ఇంకో మాట ఉంది. మెక్‌లారెన్ ఆయుధం టైరును ఎక్కువసేపు బతికించడం. 25 ల్యాపుల పరిమితి ఆ ఒక్క రాత్రి అందరి టైర్ల ఆయుష్షునూ సమం చేసేసింది. ముప్పై అయిదు ల్యాపులు నడపగల కారుకూ, ఇరవై ఆరుకే చేతులెత్తేసే కారుకూ తేడా లేకుండా పోయింది. ఆ ఆధిక్యం లేనప్పుడు మిగిలేది పిట్ గోడ మీద తీసుకునే నిర్ణయమే. అందులో ఆ జట్టు ఎప్పుడూ అంత గట్టిది కాదు.

అబుదాబిలో మూడో స్థానం నోరిస్‌కు సరిపోయింది. అతనికి 423, వెర్‌స్టాపెన్‌కు 421, పియాస్ట్రికి 410 పాయింట్లు. రెండు పాయింట్లు అటూ ఇటూ అయి ఉంటే ఈ మూడేళ్ల గురించి మనం చదివే కథనాలన్నీ డ్రైవర్ల పేర్ల చుట్టూ ఇంకో రకంగా తిరిగి ఉండేవి. జట్ల పట్టికలో తేడా మాత్రం వందల్లో ఉంది.

2026 నిబంధనల్లో ఫ్లోర్ కింది సొరంగాలు పోయాయి, అడుగు చాలావరకు చదునైంది. శక్తిలో దాదాపు సగం విద్యుత్తుది. వింగ్‌లు పరుగులోనే తెరుచుకుని మూసుకుంటాయి. ముందు టైరు 25 మిల్లీమీటర్లు, వెనకది 30 మిల్లీమీటర్లు సన్నబడ్డాయి. రబ్బరు తక్కువైతే అదే పని చేయడానికి అది మరింత వేడెక్కుతుంది. ఆస్ట్రియా ఫ్లోర్ మొదలు మెక్‌లారెన్ మూడేళ్లు చెక్కిన ఆకారాల్లో చాలావాటికి ఇక చోటు లేదు. బ్రేకు డ్రమ్ములో వేడి దారి మళ్లించే చదువుకు మాత్రం పని ఇంకా మిగిలే ఉంది.